చుట్టాల ఇంటి తాళాలు

అమ్మా,
మాది పశ్చిమ గోదావరి జిల్లా పెనుగొండ. హైదరాబాద్‌లో, అమెరికాలో స్థిరపడ్డవాళ్ల ఇళ్లు, కొబ్బరితోటలు చూసిపెడుతుంటాను. ఇళ్లు దులిపించడం, అద్దెలు వసూలు చేయడం, పన్నులు కట్టడం, దింపులు తీయించడం నా పని. నెలకింతని తీసుకుంటాను. ఎనిమిది ఇళ్లున్నాయి గాని అందులో ఐదు చుట్టాలవే, వాళ్లను డబ్బులడగలేదు. పెదనాన్నగారింటి కరెంటు బిల్లయితే నేనే కట్టేస్తున్నాను. తణుకులో, పాలకొల్లులో బోర్డులు పెట్టించినా కొత్త బేరం ఒక్కటీ రాలేదు. చుట్టాల తాళాలు తిరిగిచ్చెయ్యమని మా ఆవిడ గొడవ. ఏం చెయ్యమంటారు?
- ఓ సోదరుడు, పెనుగొండ

బాబూ,
పెదనాన్నగారింటి కరెంటు బిల్లు నువ్వెందుకు కడుతున్నావు? ఆ ముక్క చదివాకే నీకు జవాబు రాయాలనిపించింది.

అమెరికాలో ఉన్నవాడు తణుకులో బోర్డు చూడడు. సంక్రాంతికి ఊరొచ్చినవాళ్లను కలువు, వాసవీ అమ్మవారి గుడి దగ్గర పలకరించు. ఇవన్నీ నీకూ తెలిసినవే. అసలు బేరం తెచ్చేది నోటిమాట. మీ చుట్టాలు నీ గురించి ఏమని చెబుతుంటారు? "మావాడున్నాడుగా, చూసిపెడతాడు, డబ్బులేం తీసుకోడు" అనే కదా! అది విన్నవాడు తన చుట్టాల్లో అలాంటివాణ్ణే వెతుక్కుంటాడు గాని నీకు ఫోన్ చేసి జీతమెంతని అడుగుతాడా?

మన కుటుంబాల్లో ఇది పాత జబ్బు. ఊరు దాటినవాడు చేసేది ఉద్యోగం, ఊళ్లో ఉన్నవాడు చేసేది సాయం! డాబా తూముకు అడ్డంపడ్డ కొబ్బరిమట్ట తీయడానికి వానలో నిచ్చెనెక్కేది నువ్వు. నువ్వెక్కకపోతే నీళ్లు నిలిచి శ్లాబు నెమ్మెక్కుతుంది. తల్లిదండ్రులు కట్టిన ఇల్లు నిలబెడుతున్నవాడికి నెలజీతం ఇవ్వడానికి ఆ పిల్లలకు చేతులెందుకు రావు? నువ్వూ అడగవు. మొహమాటంతో నీ భార్యాపిల్లల తిండి తీసి వాళ్లకు పెడుతున్నావు.

ఇక నుంచి ప్రతి ఇంటికీ నెలనెలా లెక్క పంపు: రసీదులు, ఫొటోలు, మోటారు తిప్పిన తేదీ. చుట్టాలకూ అదే కాగితం, అదే ఫీజు. అద్దెకు అగ్రిమెంటు రాయించి రిజిస్ట్రేషన్ చేయించు. యజమాని ఎన్నారై అయితే అద్దెలో మామూలుగా 30 శాతం ఆదాయపన్ను, పైన సెస్సు కోసి కట్టాల్సింది అద్దెకున్నవాడే. చాలామందికి తెలియదిది. ముందే చెప్పి చేయించేవాణ్ణి ఏ ఎన్నారై వదులుకోడు. మరో నలుగురికి చెబుతాడు.

పెదనాన్నగారికి కోపమొస్తే రానీ. బిల్లులన్నీ దగ్గర పెట్టుకుని ఫోన్ చెయ్యి. "ఇదీ లెక్క పెదనాన్నా, వచ్చే నెల నుంచి ఇంత" అను. ఇస్తే సరే. లేకపోతే తాళాలు మీ ఆవిడ చేతికిచ్చి పంపించెయ్యి.