ఇంట్లో అట్లాస్ తెరుద్దాం: ఆస్ట్రేలియా



ఈ నెల సోషల్ క్లాసులో ఆస్ట్రేలియా పాఠం చెప్పాను. రాజధాని ఏదని అడిగితే ఎక్కువ మంది ‘సిడ్నీ’ అన్నారు. మీరూ ఇంట్లో ఒకసారి అడిగి చూడండి. సరైన జవాబు కాన్‌బెర్రా. 1901 జనవరి 1న ఆరు బ్రిటిష్ కాలనీలు కలిసి ఒక దేశంగా ఏర్పడ్డాయి. రాజధాని మాకంటే మాకని సిడ్నీ, మెల్‌బోర్న్ పోటీ పడ్డాయి. చివరికి ఆ రెండింటికీ మధ్యలో కొత్త నగరం కట్టారు. 1927లో పార్లమెంటు మెల్‌బోర్న్ నుంచి అక్కడికి మారింది.

ఇప్పుడు మ్యాప్ చూడండి. విస్తీర్ణం సుమారు 77 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశానికి రెండు రెట్లకు పైనే. జనాభా మాత్రం 3 కోట్ల లోపు, మన తెలంగాణ కంటే తక్కువ! సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్, పెర్త్, అడిలైడ్ అన్నీ తీరం వైపే ఉన్నాయి. కారణం నీళ్లు. తూర్పున గ్రేట్ డివైడింగ్ రేంజ్ పర్వతాలు మన పశ్చిమ కనుమల్లాగే తేమగాలులను అడ్డుకుంటాయి. వాన తీరం వైపే ఎక్కువ కురుస్తుంది. దేశం నడిమధ్య చాలా భాగం ఎడారే.

ఇక చరిత్ర. 1770లో కెప్టెన్ కుక్ తూర్పు తీరం చేరాడు. ‘కుక్ ఆస్ట్రేలియాను కనుక్కున్నాడు’ అని నేను చదువుకున్నట్టే చెప్పాను. ఒక విద్యార్థి లేచి, “అప్పటికే అక్కడ మనుషులున్నారు కదా మేడమ్, మరి కనుక్కోవడం ఏంటి?” అని అడిగాడు. ఆ ప్రశ్న నన్నే సరిదిద్దింది. ఆదివాసులు అక్కడ 50 వేల ఏళ్లకు పైగా ఉంటున్నారు. 1788 జనవరి 26న బ్రిటిష్ వాళ్లు ఖైదీలతో సిడ్నీ తీరంలో దిగి, ఆ నేల ఎవరిదీ కాదన్నట్టు స్వాధీనం చేసుకున్నారు. అది తప్పని 1992లో మాబో కేసులో అక్కడి అత్యున్నత న్యాయస్థానం తీర్పిచ్చింది. మనకు రిపబ్లిక్ డే అయిన జనవరి 26 వాళ్లకు ఆస్ట్రేలియా డే. ఆదివాసుల్లో చాలామందికి మాత్రం అది సంతాప దినం.

“ఇదంతా ఎగ్జామ్‌లో వస్తుందా?” అని కొందరు పేరెంట్స్ అడుగుతుంటారు. రాజధాని పేరు ఒక్క మార్కు బిట్టే. కానీ ‘ఎందుకు’ అని అడిగిన పిల్లలు ఆ పేరు కూడా మర్చిపోరు.

ఈ ఆదివారం పది నిమిషాలు అట్లాస్ ముందు కూర్చోండి. నగరాలు తీరంలోనే ఎందుకున్నాయో మీ పాపనో బాబునో చెప్పమనండి. జవాబు తప్పయినా ఫర్వాలేదు, పూర్తిగా వినండి.

– మీ సోషల్ టీచర్