నీటిలో నిలకడ

ఈత నేర్చుకొనే పిల్లవానికి ఎండిన సొరకాయ బుర్రనో, బెండునో కట్టి బావిలోకి దింపడం మన పల్లెల్లో పెద్దలెరిగిన పద్ధతి. కాళ్ళూ చేతులూ చక్కగా ఆడే పిల్లలకు అది చాలింది. కాళ్ళు చచ్చుబడినవారు, సెరిబ్రల్ పాల్సీ వల్ల కండరాలు బిగుసుకుపోయేవారు మాత్రం గట్టుమీదనే కూర్చుండి చూచేవారు. వారికి నీరు ప్రమాదకరమని కన్నవారి భయం. ఆ భయం అకారణమని అనలేము.

ఆ భయానికి శాస్త్రీయమైన సమాధానం 1949లో లండన్ నగరంలో రూపుదిద్దుకొన్నది. అక్కడి సౌత్‌గేట్ ప్రాంతంలో, వైకల్యం గల బాలికలు చదువుకొనే హాలివిక్ పాఠశాలలో జేమ్స్ మెక్‌మిలన్ ఈత నేర్పడానికి పూనుకొన్నాడు. ఆయన వైద్యుడు కాడు. ద్రవాల గమనాన్ని ఎరిగిన ఇంజనీరు. అందుచేతనే కాబోలు, ఆయన దృష్టి వ్యాధిపై గాక నీటిలో దేహం ప్రవర్తించే తీరుపై నిలిచింది.

నీటిలోని దేహంపై రెండు బలాలు పనిచేస్తాయి. గురుత్వాకర్షణ క్రిందికి లాగుతుంది. ఉత్ప్లవన బలం పైకి నెడుతుంది. ఈ రెండూ ఒకే నిలువు రేఖపై ఉన్నంతవరకు దేహం నిలకడగా తేలుతుంది, తప్పితే తిరుగుతుంది. ఒక ప్రక్క మాత్రమే పక్షవాతం సోకిన బాలుడు వెల్లకిల తేలబోతే దేహం ఒకవైపునకు దొర్లుతుంది. కండ కరిగిన కాళ్ళు పైకి తేలిపోతాయి. కనుక మెక్‌మిలన్ పద్ధతిలో చేతులు వేయడం చివరి పాఠం. ముందుగా ముఖం నీటిని తాకగానే గాలి ఊదడం, తల త్రిప్పి దేహాన్ని త్రిప్పుకోవడం, బోర్లా పడినవాడు తనంతట తాను వెల్లకిలకు రావడం నేర్పుతారు. అడుగున ఉన్న వస్తువును తీయమని ఒక ఆట ఆడిస్తారు. వంగిన పిల్లవానిని నీరే పైకి తోస్తుంది. మునిగిపోతానన్న భయం పోవడానికి ఇంతకు మించిన బోధ లేదు.

ఈ పద్ధతిలో బుర్రలు, బెండ్లు, గాలి ట్యూబులు నిషిద్ధం. అవి తేల్చగలవు గాని నిలకడను నేర్పలేవు. వాటికి బదులు ఒక్కొక్క పిల్లవానికి ఒక్కొక్క సహాయకుడు ఉంటాడు. పిల్లవాని కళ్ళతో తన కళ్ళు కలిసే ఎత్తులో అతడు నీటిలో నిలుస్తాడు. మొదటి దినం నుండే ఆ పిల్లవానిని రోగి అనరు, ఈతగాడు అంటారు. చిన్న మాటే, కాని ఎంత గౌరవం!

నీరు వైకల్యాన్ని పోగొడుతుందని చెప్పేవారి మాట నమ్మరాదు. గోరువెచ్చని నీరు బిగుసుకున్న కండరాలను సడలిస్తుంది. ఛాతీ లోతున నిలిచినవాని కాళ్ళపై పడే భారం నేలమీది భారంలో సుమారు మూడవ వంతే. నేలపై నిలువలేనివాడు అక్కడ అడుగు వేయగలుగుతాడు. మూర్ఛ గలవారిని, మానని పుండ్లున్నవారిని వైద్యుని సలహా లేకుండా దింపరాదు.

పది మెట్లున్న ఈ శిక్షణలో ఎనిమిదవది చూడముచ్చటైనది. పిల్లవాడు వెల్లకిల కదలక తేలుతుంటాడు. సహాయకుడు వెనుకకు నడుస్తూ, అతని భుజాల క్రింద నీటిని చేతులతో కలచుతాడు. ఆ సుడి వెంట పిల్లవాడు జారిపోతూ ఉంటాడు. నేలపై ఎవరో ఒకరు ఎత్తుకొంటే తప్ప కదలలేని ఆ దేహాన్ని అప్పుడు ఏ చేయీ తాకి ఉండదు.