గడియారం ముందు పెట్టుకొని రాసిన నవలాకారుడు



రచయిత అనగానే మన కళ్లముందు ఒక బొమ్మ కదులుతుంది. చెదిరిన జుట్టు, అర్ధరాత్రి దీపం, ఎప్పుడో ఊహ తట్టినప్పుడు మాత్రమే కలం పట్టే మనిషి. పరీక్షల ముందు మనమూ అంతే. "మూడ్ లేదురా, రేపు చదువుదాం" అంటాం. మూడ్ కోసం ఎదురుచూడడం తెలివితక్కువ పని అన్న ఒక రచయిత ఆత్మకథను నేను పీజీలో చదివాను. అందులోని సంగతులు మీతో పంచుకుంటాను.

ఆయన ఆంథోనీ ట్రోలప్. 1815లో లండన్‌లో పుట్టి 1882లో మరణించారు. 47 నవలలు రాశారు. 1867 వరకు తపాలా శాఖలో ఉద్యోగం చేశారు. ఆయనకు పేరు తెచ్చిన బార్సెట్‌షైర్ నవలలు ఆరూ ఆ ఉద్యోగం చేస్తూ రాసినవే.

ఆయన బాల్యం సుఖంగా గడవలేదు. తండ్రి లాయరు. ప్రాక్టీసు దెబ్బతింది, వ్యవసాయమూ దెబ్బతింది, అప్పులు మిగిలాయి. ధనవంతుల పిల్లలు చదివే హారో స్కూలుకు ఆయన మూడు మైళ్లు బురద దారుల్లో నడిచి వెళ్లేవారు. మాసిన బట్టలు చూసి తోటివాళ్లు దూరం పెట్టేవారు. స్కాలర్‌షిప్ రాలేదు, కాలేజీ చదువు దక్కలేదు. ఇంటిని నిలబెట్టింది తల్లి ఫ్రాన్సెస్. ఆమె మొదటి పుస్తకం 1832లో, 53 ఏళ్ల వయసులో వచ్చింది. భర్త, కొడుకు మంచాన పడి ఉంటే సేవ చేస్తూనే, తెల్లవారుజామున నాలుగింటికి లేచి రాసేదట.

కానీ కొడుక్కి ఆ క్రమశిక్షణ పుట్టుకతో రాలేదు. 1834లో 90 పౌన్ల జీతానికి గుమాస్తాగా చేరిన కొత్తలో ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లి చీవాట్లు తినేవారు, అప్పులు చేసేవారు. 1841లో ఐర్లండ్‌కు బదిలీ అయ్యాకే దారిలో పడ్డారు. మొదటి మూడు నవలలను ఎవరూ పట్టించుకోలేదు. నాలుగోది, 1855లో వచ్చిన 'ది వార్డెన్', ఆయన్ను నిలబెట్టింది.

ఇక పని పద్ధతి. ఉదయం 5.30కి బల్ల ముందు కూర్చునేవారు. మొదటి అరగంట నిన్న రాసింది చదువుకోవడం. తర్వాత గడియారం ఎదురుగా పెట్టుకొని పావుగంటకు 250 పదాలు. మూడు గంటలయ్యాక లేచి ఉద్యోగానికి సిద్ధమయ్యేవారు. రోజుకు ఎన్ని పేజీలు రాసిందీ ఒక డైరీలో వేసుకునేవారు. మామూలుగా వారానికి 40 పేజీలు. ఒక రోజు బద్ధకిస్తే ఆ ఖాళీ డైరీలోంచి తనవైపే చూసేదని చెప్పుకున్నారు. ఉద్యోగరీత్యా రైళ్లలో తిరుగుతుంటే ఒళ్లో చిన్న పలక పెట్టుకొని పెన్సిల్‌తో రాసేవారు, భార్య దాన్ని తిరగరాసేది. 1858లో ఈజిప్టుకు ఓడలో వెళ్తుంటే సముద్రం పడక, మధ్యమధ్య లేచి వెళ్లి వాంతి చేసుకొని వచ్చి మళ్లీ రాశారు. ఆ ప్రయాణంలోనే 'డాక్టర్ థోర్న్' నవల ముగించి, మర్నాడే ఇంకో నవల మొదలుపెట్టారు.

ఇది యంత్రంలాంటి పని కాదా అని నాకూ అనిపించింది. ఆత్మకథ 1883లో వచ్చినప్పుడు కొందరు అలాగే చులకన చేశారు. కానీ చిన్నప్పుడు ఆడుకునేవాళ్లు లేక, తనలో తనే నెలల తరబడి కథలు అల్లుకునే అలవాటు ఆయనకుండేది. కథ మనసులో ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. దాన్ని కాగితం మీద పెట్టడానికే గడియారం.

ఆత్మకథలో ఆయన తనను చెప్పులు కుట్టేవాడితో పోల్చుకున్నారు. ఒక జత పూర్తయితే దాన్నే చూసి మురుస్తూ కూర్చోడు, రెండో జత మొదలుపెడతాడు అని. అక్కడ నేను ఆగిపోయాను. మా నాన్న బస్టాండు పక్కన చెప్పులు కుడతాడు. తెగిన చెప్పు పట్టుకొని, బస్సు వేళవుతోందని తొందరపడే మనిషితో ఆయన ఏనాడూ "ఇవాళ మూడ్ లేదు" అనలేదు. ఆరె, దారం అందుకుంటాడు. హాస్టల్లో చేరిన కొత్తలో నాన్న పని అడిగితే "కూలి" అని చెప్పేవాణ్ని. అంత పెద్ద రచయిత మా నాన్న పనిని తన పనికి ఆదర్శంగా చెప్పుకుంటే, నేను దాచుకున్నందుకు సిగ్గేసింది. ఇప్పుడు ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

మీలో కథ రాయాలనుకునేవారు, గ్రూప్స్‌కు చదివేవారు, పదో తరగతి గట్టెక్కాలనుకునేవారు ఒక చిన్న నోటుబుక్కు కొనుక్కోండి. తేదీ, కూర్చున్న సమయం, పూర్తి చేసిన పేజీలు రాయండి. చదవని రోజున గీత గీసి ఖాళీగా వదలండి. అబద్ధం రాయకండి, దాన్ని చూసేది మీరొక్కరే.

చివరగా ఒక మాట. ట్రోలప్‌ను రోజూ కాఫీతో నిద్రలేపింది ఒక ముసలి పనివాడు. అందుకు ఏడాదికి 5 పౌన్లు అదనంగా ఇచ్చేవారు. అతడు ఒక్కరోజూ ఆలస్యం చేయలేదని, తన విజయానికి అందరికంటే అతడికే ఎక్కువ రుణపడి ఉన్నానేమోనని ఆయన రాసుకున్నారు. మన హాస్టల్లోనూ తెల్లవారుజామున తలుపు కొట్టి లేపే వాచ్‌మన్ తాత ఉండేవాడు. దుప్పట్లో ముడుచుకొని ఆయన్ను ఎన్ని తిట్టుకున్నామో! ఈ వార్షికోత్సవం నాడు మిమ్మల్ని లేపేవారికి ఒక నమస్కారం పెట్టండి. మరునాడు ఆయన తలుపు కొట్టేలోపే లేవండి.