పేస్ గ్రాఫ్: గీత పైకి వెళ్తే మంచిదా, కిందికి దిగితే మంచిదా?



నల్లగొండలో ఉదయసముద్రం కట్ట మీద, మహబూబ్‌నగర్‌లో స్టేడియం ట్రాక్ మీద తెల్లవారకముందే పరుగెత్తే పిల్లలు, యువకులు కనిపిస్తుంటారు. చాలామంది ఫోన్‌లో యాప్ ఆన్ చేసి పరుగెత్తుతున్నారు. పరుగు అయ్యాక యాప్ ఒక గ్రాఫ్ చూపిస్తుంది. దాన్ని సరిగ్గా చదవడం తొమ్మిదో తరగతి 'చలనం' పాఠానికి మంచి అభ్యాసం. తప్పుగా చదివితే మాత్రం బాగా పరుగెత్తిన పిల్లలకే మన చేత మాట పడుతుంది.

వేగం వేరు, పేస్ వేరు

గంటకు ఎన్ని కిలోమీటర్లు అన్నది వేగం. ఒక కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు అన్నది పేస్. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. గంటకు 10 కిలోమీటర్ల వేగమంటే కిలోమీటరుకు 6 నిమిషాల పేస్. వేగం 12కు పెరిగితే పేస్ 5 నిమిషాలకు తగ్గుతుంది. అంటే పేస్‌లో చిన్న అంకె వచ్చినవారే ముందున్నట్టు.

చిక్కంతా ఇక్కడే. మామూలు గ్రాఫ్‌లో చిన్న అంకెలు కింద, పెద్ద అంకెలు పైన ఉంటాయి. పేస్‌ను అలాగే గీస్తే వేగం పెంచినప్పుడల్లా గీత కిందికి దిగుతుంది. చూసేవారికి అది వెనకబడినట్టు అనిపిస్తుంది. అందుకే స్ట్రావా, గార్మిన్ కనెక్ట్ వంటి యాప్‌లు నిలువు అక్షాన్ని తలకిందులు చేస్తాయి. 4 నిమిషాలు పైన, 7 నిమిషాలు కింద ఉంటాయి. గీత పైకి వెళ్తే వేగం పెరిగినట్టే. పిల్లలే గ్రాఫ్ కాగితం మీద గీసినప్పుడు ఇది తిరగబడవచ్చు. కాబట్టి గీత కన్నా ముందు అక్షం పక్కన ఉన్న అంకెలు చూడాలి.

సగటు దాచిపెట్టేది ఏమిటి?

మన జిల్లాల్లో ఎందరికో తెలిసిన లెక్క తీసుకుందాం. తెలంగాణ పోలీసు కానిస్టేబుల్ నియామకాల్లో 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి (మాజీ సైనికులకు పరిమితి వేరు). ఆ దేహదారుఢ్య పరీక్షలకు నల్లగొండ, మహబూబ్‌నగర్ కూడా కేంద్రాలే. పేస్‌లో చెప్పాలంటే పురుషులకు కిలోమీటరుకు సుమారు 4 నిమిషాల 32 సెకన్లు, మహిళలకు 6 నిమిషాల 40 సెకన్లు.

1600 మీటర్లంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. ఇద్దరు అభ్యర్థులు పరుగెత్తారనుకుందాం.

మొదటివారి రౌండ్లు: 92, 110, 120, 112 సెకన్లు.
రెండోవారి రౌండ్లు: 108, 109, 109, 108 సెకన్లు.

కూడి చూడండి. ఇద్దరికీ 434 సెకన్లే, అంటే 7 నిమిషాల 14 సెకన్లు. సగటు ఒక్కటే, గ్రాఫ్‌లు మాత్రం వేరు. మొదటివారి గీత 3:50 దగ్గర మొదలై మూడో రౌండ్‌లో 5:00కు పడిపోతుంది. రెండోవారి గీత దాదాపు సమంగా సాగుతుంది. మొదటివారు ఆరంభంలోనే శక్తి ఖర్చు చేశారు, ఒక్క సెకను తేడాతో గట్టెక్కారు. ఎండ కాస్త ఎక్కువైన రోజున ఆ సెకను కూడా మిగలకపోవచ్చు. సగటు అంకె ఈ సంగతి చెప్పదు, గ్రాఫ్ చెబుతుంది.

గీత పడిపోతే అది బద్ధకం కాదు

గీత పడిపోవడానికి వేరే కారణాలూ ఉంటాయి.

• ఎత్తు: నల్లగొండ లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కేటప్పుడు శ్రమ పెరుగుతుంది, పేస్ గీత మాత్రం దిగుతుంది.
• ఆగడం: రోడ్డు దాటడానికి నిలబడితే దూరం పెరగదు, సమయం పెరుగుతుంది. గీత ఒక్కసారిగా అడుక్కి పడుతుంది.
• జీపీఎస్: ఫోన్ మన స్థానాన్ని కొన్ని మీటర్ల తేడాతో చూపవచ్చు. చెట్ల కింద, భవనాల మధ్య తేడా ఇంకా పెరుగుతుంది. గీతలో కనిపించే సన్నని పళ్లు చాలావరకు దీనివల్లే.
• స్కేలు: అక్షం 5:00 నుంచి 5:20 వరకే ఉంటే 10 సెకన్ల తేడా కూడా కొండంత కనిపిస్తుంది.

ఇంట్లో చేసి చూడండి

దీనికి యాప్ అక్కర్లేదు. స్టాప్‌వాచ్ చాలు. మైదానంలో మీ పిల్లలు నాలుగు రౌండ్లు పరుగెత్తుతుంటే ప్రతి రౌండ్ సమయం మీరు రాసుకోండి. అవే అంకెలతో వారిచేత రెండు గ్రాఫ్‌లు గీయించండి. ఒకదానిలో పెద్ద అంకెలు పైన, రెండోదానిలో చిన్న అంకెలు పైన. ఏది చూడగానే అర్థమైందో అడగండి.

ఒక ప్రశ్న: మొదటి కిలోమీటరు 4 నిమిషాల్లో, రెండోది 6 నిమిషాల్లో పరుగెత్తితే సగటు వేగం ఎంత? వేగాలు 15, 10 కాబట్టి చాలామంది 12.5 అంటారు. సరైన జవాబు గంటకు 12 కిలోమీటర్లు. 2 కిలోమీటర్లకు పట్టింది 10 నిమిషాలు కదా! మొత్తం దూరాన్ని మొత్తం సమయంతో భాగించాలన్న సూత్రం ఇలా చేస్తే మరచిపోరు.

ఈసారి మీ అబ్బాయో అమ్మాయో ఫోన్ చూపించినప్పుడు "ఇక్కడ ఎందుకు తగ్గావు?" అనే బదులు "ఇక్కడ ఏం జరిగింది?" అని అడగండి. జవాబులో గుట్ట ఉండొచ్చు, ట్రాఫిక్ ఉండొచ్చు, మొదట్లో తొందరపడ్డామన్న గ్రహింపూ ఉండొచ్చు. గ్రాఫ్ చదవడమంటే ఆ కారణాన్ని వెతకడమే.