మాట ఉంది, మరి కాగితం?

గద్వాలలో చీరల వ్యాపారం సగం నోటిమాట మీదే నడుస్తుంది. మాస్టర్ వీవర్ పట్టు, నూలు, జరీ ఇస్తాడు, మగ్గం మీద కూర్చున్నాయన నేసి తెస్తాడు, మజూరి లెక్క ఓ నోటుపుస్తకంలో ఉంటుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పల్లీల బేరాలదీ ఇంచుమించు అదే దారి. మాట తప్పినవాడు రేపు మార్కెట్ యార్డులో మొహం చూపించలేడు. ఆ భయమే అక్కడ అగ్రిమెంటు.

చిక్కు ఎప్పుడొస్తుందంటే, ఆ ఇంటి పిల్లలు స్టార్టప్ పెట్టి టీ-హబ్‌కో, వీ-హబ్‌కో, రాజేంద్రనగర్‌లో నార్మ్ వాళ్ల ఎ-ఐడియాకో, ఇలా ఏదో ఒక స్టార్టప్ ఇంక్యుబేటర్‌కు దరఖాస్తు చేసినప్పుడు. ఎదుట కూర్చున్న జ్యూరీవాళ్లకు మీ నాన్న మాటకున్న విలువ తెలియదు. వాళ్ల చేతిలో ఉండేవి నాలుగు కాగితాలు, కాస్త సమయం. అమెరికాలో 2005లో మొదలైన వై కాంబినేటర్ ఇంటర్వ్యూ అయితే పది నిమిషాలే! అంతలో వాళ్లకు నిజాయితీపరుడూ, లెక్కల్లేని మోసగాడూ ఒకేలా కనబడతారు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా. మీరు తాగింది పాలేనని చూపించుకునే బాధ్యత మీదే.

వాళ్లు ఏం చూస్తారో తెలిస్తే సగం పని అయినట్టే. మీ జీఎస్టీ నంబరు పోర్టల్‌లో కొడితే రిటర్నులు ఏ నెలవి వేశారో, ఏ నెలవి వేయలేదో ఎవరికైనా కనబడుతుంది. కంపెనీ పేరు కొడితే డైరెక్టర్లెవరో, తాకట్లేమున్నాయో కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైటు చెబుతుంది. ఈ-కోర్ట్స్‌లో పేరు వెతికితే కేసులు బయటపడతాయి. వ్యాపారం జరగలేదు కదా అని రిటర్ను మానేశారా? అమ్మకం లేకపోయినా నిల్ రిటర్ను వేయాలి, ఎస్సెమ్మెస్‌తోనే వేయొచ్చు. కస్టమర్ల డబ్బు మీ అన్న ఫోన్‌పేకి వస్తోందా? తప్పుడు ఉద్దేశం లేకపోయినా చూసేవాడికి అది అనుమానమే. ఈ వారమే కరెంట్ అకౌంట్ తెరవండి.

ఇంతకంటే పెద్ద గొయ్యి అంకెల దగ్గర ఉంటుంది. గద్వాల చీరకు నూలు ఒళ్లు, పట్టు అంచు, పట్టు కొంగు. ఒంటికో నాడె, రెండు అంచులకు రెండు నాడెలు, మొత్తం మూడు. పోగుకు పోగు కలుపుతూ పోవాలి కాబట్టి పని నెమ్మది. చీరకు వారం అనుకుందాం. మీతో పనిచేసే మగ్గాలు పన్నెండు అనుకుందాం. నెలకు యాభై చీరలు రావడమే గొప్ప. మీ స్లైడులో మాత్రం నెలకు ఐదువందలు! చేనేత తెలిసిన మనిషి ఒక్కరు జ్యూరీలో ఉన్నా, మిగతా నాలుగువందల యాభై ఏ పవర్‌లూమ్ మీద నేశారని అడుగుతారు. అడిగితే మీ అదృష్టం, జవాబు చెప్పుకోవచ్చు. ఎక్కువమంది అడగరు, తలాడించి మార్కు వేసేస్తారు. తర్వాత వచ్చే మెయిల్లో ‘ఈసారికి వీలుపడలేదు’ అనే ఉంటుంది తప్ప ‘మిమ్మల్ని నమ్మలేకపోయాం’ అని ఉండదు. మీరేమో ఐడియా బాగాలేదేమోనని ఐడియా మార్చుకుంటూ కూర్చుంటారు.

పన్నెండు మగ్గాలుంటే పన్నెండనే చెప్పండి. ఏ మగ్గం ఏ ఊళ్లో ఉందో, గద్వాలో, రాజోలో, అయిజో పక్కనే రాయండి. ఏ చీర ఎవరు నేశారో, ఎంత మజూరి ఏ తేదీన ఇచ్చారో చూపించగలిగితే ఐదువందల చీరల స్లైడు కన్నా అది బరువైన కాగితం. చేనేత మార్కు, సిల్క్ మార్కు ఉంటే జతచేయండి.

కొల్లాపూర్ మామిడి అమ్ముతారా? ఎలా మాగబెడుతున్నారన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. కార్బైడ్ నిషేధం, పరిమితిలో ఇథిలీన్ వాయువుకు అనుమతి ఉంది. మాగబెట్టే గది ఫొటో, రిజిస్టరు దగ్గరుంచుకోండి.

నడిగడ్డలో పత్తి విత్తనాల మీద ఆలోచన ఉన్నవాళ్లకు ఇంకా కష్టమైన ప్రశ్న ఎదురవుతుంది: రైతుకు డబ్బు ఎప్పుడిస్తారు? విత్తనం ఇచ్చేశాక జీఓటీ (విత్తన స్వచ్ఛత) పరీక్ష ఫలితం కోసం, విత్తన కంపెనీ ఆర్గనైజర్ ఫోను కోసం ఎదురుచూడటం ఏంటో అక్కడి రైతుకు తెలుసు. ‘ఫలితం రాగానే’ అనకండి. ఇన్ని రోజుల్లో ఇంత, పరీక్ష పోతే నష్టం ఎవరిది అన్నది రాతపూర్వకంగా చూపించండి. ఎందుకంటే కొందరు జ్యూరీ సభ్యులు మీకు చెప్పకుండానే మీ రైతుకు ఫోన్ చేస్తారు. నన్నడిగితే అందరూ చేయాలి. ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడినవాడల్లా నమ్మకస్తుడిలా కనబడే జబ్బుకు ఆ ఒక్క ఫోనే మందు.

ఇంత అనుమానం ఎందుకంటారా? కంపెనీ లెక్కల్లో మోసం చేశానని ఒప్పుకుంటూ సత్యం రామలింగరాజు రాసిన ఉత్తరం 2009 జనవరి 7న బయటికొచ్చిన నగరం హైదరాబాద్. 2023 జనవరిలో కార్ల రిపేరు స్టార్టప్ గోమెకానిక్ వ్యవస్థాపకులు తమ లెక్కల్లో తప్పులున్నాయని ఒప్పుకున్నారు. పెద్ద పెట్టుబడిదారులే మోసపోయాక చిన్నవాళ్ల కాగితాలను కూడా భూతద్దంతో చూస్తున్నారు. వాళ్లెవరో చేసినదానికి వనపర్తి పిల్లాడు సంజాయిషీ ఇచ్చుకోవడం అన్యాయమే. అయినా ఇచ్చుకోక తప్పదు.

మరి నిజంగానే మచ్చ ఉంటే? పార్ట్‌నర్ గొడవపడి వెళ్లిపోయాడు, ఓ బ్యాచ్ చీరలు వెనక్కొచ్చాయి, ఓ రైతు బాకీ ఇంకా మిగిలింది. దరఖాస్తులో మీరే ముందు రాయండి: ఏం జరిగింది, ఎంత బాకీ, ఎప్పటికి తీరుస్తారు. మూడు వాక్యాలు చాలు. ఏడుపు కథ వద్దు.

ఇంకొక్క సంగతి. చాలా చోట్ల రెండోసారి దరఖాస్తు చేయొచ్చు, పాతది ఫైల్లో ఉండొచ్చు. పోయినసారి నలభై మగ్గాలని రాసి ఈసారి పన్నెండని రాస్తే తేడా పట్టేస్తారు. అప్పుడు నలభై అంటే మాట్లాడుకున్నవీ కలిపి రాశాను, ఇవి నడుస్తున్నవి మాత్రమే అని ఆ అంకె పక్కనే రాసి పంపండి.