ఐదు సెంట్లు పిట్టలకు రాసివ్వండి.. మీరే మారతారు!

మీకు మూడెకరాల చేను ఉందనుకుందాం. అంటే 300 సెంట్లు. అందులో 5 సెంట్లు పక్కన పెట్టండి. మొత్తంలో రెండు శాతం కూడా అవదు. ఆ 5 సెంట్లలో పండేది మీరు కోయకండి. పిట్టలకు, తేనెటీగలకు, సాలీళ్లకు, వానపాములకు వదిలేయండి.

ఒక్క ఏడాది చేసి చూడండి. చేను మారుతుంది. చేనుకన్నా ముందు మీరు మారతారు.

ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానంటే, ముందుచూపు, ఓపిక, గమనించే గుణం, పంచుకునే మనసు.. ఈ నాలుగూ ఉపన్యాసాలు వింటే రావు. చేతులు మట్టిలో పెడితే వస్తాయి. నాలుగింటినీ ఒకేచోట ప్రాక్టీస్ చేయించే పని ఇది. అందుకే మొదలుపెట్టమంటున్నాను.

తిండి, చాటు.. రెండే సూత్రాలు

అమెరికాలో జింకల కోసమే పంట వేసేవాళ్లున్నారు. దాన్ని ఫుడ్ ప్లాట్ అంటారు. క్లోవర్, ఓట్స్, టర్నిప్ చల్లుతారు. రోడ్డు వైపు మనిషిని మించి పెరిగే స్విచ్‌గ్రాస్‌నో, ఈజిప్షియన్ వీట్ అనే జొన్నజాతి మొక్కనో వేసి తెర కడతారు. చాటు దొరికితేనే జంతువు ధైర్యంగా మేతకు వస్తుంది. వాళ్లలో చాలామందిది వేట లెక్క. మనకు వేట వద్దు. సూత్రం మాత్రం తీసుకుందాం: తిండి పెట్టు, చాటు ఇవ్వు.

ఇది మనకు కొత్త కూడా కాదు. కొత్త ధాన్యం ఇంటికొస్తే కంకులతో కుచ్చులు అల్లి చూరుకు కట్టిన గోదావరి జిల్లాలు మనవి. గుడి మండపంలో కట్టినా, వాకిట్లో కట్టినా అది పిచ్చుకల వాటా. మన పెద్దలు చూరు కింద చేసిన పనినే మీరు చేలో చేయబోతున్నారు.

ఖాళీ నెలలే మీ అవకాశం

పెనుగొండ చుట్టుపక్కల రైతుకు క్యాలెండర్ కంఠతా వచ్చు. సార్వా, ఆ తర్వాత దాళ్వా. దాళ్వా మాసూళ్లు అయ్యాక కాలవలు కట్టేస్తారు. మళ్లీ నీళ్లు వదిలి, ఆకుమళ్లు పోసి, దమ్ము చేసి, ఊడుపులు మొదలయ్యేదాకా నేల ఖాళీ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి డెల్టా సేద్యం కాలవ నీటితోనే నడుస్తోంది. కాలవ ఆగితే మన పని కూడా ఆగిపోవాలని అనుకోవడం మనకు అలవాటైపోయింది.

ఆ అలవాటునే ఇవాళ మార్చబోతున్నాం.

ఆ ఖాళీలో ఎక్కువమంది ఏం చేస్తారు? కంబైన్ కోసి వదిలిన గడ్డికి అగ్గిపుల్ల గీస్తారు. గడ్డితో పాటు నేలలోని సేంద్రియ పదార్థం కాలుతుంది. నేలమీద గూడు పెట్టుకున్న పిట్ట గుడ్లు, ఎలుకల్ని తినే జెర్రిపోతు, పురుగుల్ని తినే సాలీళ్లు.. అన్నీ పోతాయి. తర్వాత అవే ఎలుకల కోసం, అవే పురుగుల కోసం డబ్బు ఖర్చుపెడతాం.

మీరు అగ్గిపుల్ల బదులు విత్తనం చేతిలోకి తీసుకోండి. అక్కడే మార్పు మొదలు.

స్టెప్ 1: చేనంతా కప్పండి

దాళ్వా కోత అయిన వెంటనే, నేలలో తడి ఆరకముందే పచ్చిరొట్ట విత్తనం చల్లండి. మూడు పేర్లు గుర్తుపెట్టుకోండి.

- జీలుగ: చౌడును తట్టుకుంటుంది, నీటి ముంపునూ ఓర్చుకుంటుంది. డెల్టాకు సరిగ్గా సరిపోయే పంట.
- జనుము: జోరుగా పెరుగుతుంది. నీళ్లు నిలిచే పల్లంలో మాత్రం వేయకండి.
- పిల్లిపెసర: పశువులు మేసినా మళ్లీ చిగురిస్తుంది. పాడి ఉన్న ఇంటికి రెండు లాభాలు.

జీలుగ ఎకరానికి సుమారు 12 కిలోలు చాలు. పూత మొదలయ్యే వేళకు, అంటే సుమారు 45 నుంచి 50 రోజులకు, నేలలో కలియదున్నండి. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని సుమారు 20 కిలోలు. బాగా పెరిగిన పచ్చిరొట్ట అంతకు తగ్గకుండా ఇస్తుంది. పైగా యూరియా ఇవ్వలేని సేంద్రియ పదార్థం ఇస్తుంది.

మైండ్‌సెట్ పాయింట్: ఈ పంటను మీరు అమ్మరు, తినరు. అయినా వేస్తారు. రేపటి ఫలితం కోసం ఇవాళ పనిచేయడం అంటే ఇదే. ఇది అలవాటైన మనిషి పిల్లల చదువులో, అప్పుల లెక్కలో, ఆరోగ్యంలో కూడా తొందరపాటు నిర్ణయాలు తీసుకోడు.

స్టెప్ 2: ఐదు సెంట్ల విందు

చేలో కాస్త మెరకగా ఉన్న మూల ఎంచుకోండి. సార్వా నీళ్లకు మునగని చోటు కావాలి. అక్కడ కలగలుపు విత్తనం చల్లండి:

- గింజల కోసం సజ్జ, కొర్ర
- పూత కోసం నువ్వు, బంతి
- నేలకు బలం కోసం పెసర, అలసంద

మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు తొలకరికి ముందే పొడిదుక్కిలో ఇలా రకరకాల విత్తనాలు కలిపి చల్లుతారు. నవధాన్యాల సాగు అంటారు. నేల ఏడాది పొడవునా పచ్చగా ఉండాలన్నదే వాళ్ల సూత్రం. రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ ప్రైజ్ ఫర్ హ్యుమానిటీలో భాగం దక్కింది. మన పక్క చేలోని పని ప్రపంచ వేదిక ఎక్కింది. మీరెందుకు వెనకాడాలి?

మైండ్‌సెట్ పాయింట్: ఒకే రకం మీద ఆధారపడకండి. సజ్జ దెబ్బతింటే అలసంద నిలబడుతుంది. మీ ఆదాయం, మీ నైపుణ్యం, మీ స్నేహాలు కూడా నాలుగు రకాలుగా ఉండేలా చూసుకోండి.

స్టెప్ 3: తెర కట్టండి

ఇప్పుడు చాటు. పుంత వైపు, రోడ్డు వైపు ఒక వరుస పొడుగు మొక్కలు పెంచండి. సీజన్‌కు సరిపోవాలంటే జొన్న. ఏళ్ల తరబడి ఉండాలంటే వట్టివేరు. దీన్ని పిలకలతో నాటుతారు కాబట్టి చేలోకి పాకుతుందన్న భయం లేదు. వేళ్లు 3 మీటర్ల లోతుకు కూడా దిగుతాయి, గట్టు మట్టిని పట్టి ఉంచుతాయి. గేదెలుంటే నేపియర్ వేసి మేతకు కోసుకోండి.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి:

1. తెర బయటి అంచునే ఉండాలి. లోపలి గట్లను పెంచి గడ్డితో నింపితే ఎలుకలు బొరియలు పెడతాయి. లోపలి గట్లు సన్నగా, శుభ్రంగా ఉంచండి.
2. వరి మీద నీడ పడకుండా చూసుకోండి. అవసరమైతే ఉత్తరం వైపు వేయండి.

దుమ్మును, పక్క చేలోంచి గాలికి కొట్టుకొచ్చే మందును ఈ తెర చాలావరకు ఆపుతుంది. కౌజు పిట్టకు, నీటికోడికి దాక్కునే చోటు దొరుకుతుంది.

మైండ్‌సెట్ పాయింట్: మీ మనసుకూ కొంత చాటు కావాలి. పొద్దున లేవగానే ఫోన్ చూడటం మానండి. మొదటి అరగంట మీ కోసం ఉంచుకోండి.

స్టెప్ 4: పనివాళ్లను పిలవండి

జీతం అడగని పనివాళ్లు మీ చుట్టూ ఉన్నారు. కూర్చోవడానికి చోటు ఇస్తే చాలు. ఎకరానికి 10 నుంచి 20 దాకా, టీ ఆకారంలో కర్రలు పాతండి. వీటినే పక్షి స్థావరాలంటారు. ఏట్రింత వాటి మీద వాలి రెక్కల పురుగుల్ని పట్టి తింటుంది. రాత్రయితే గుడ్లగూబ అక్కడి నుంచే ఎలుకను పడుతుంది. గింజ గట్టిపడే దశకు రాగానే ఆ కర్రలు తీసేయండి. అప్పుడు గింజలు తినే పిట్టలకు అవి పీటలు కాకుండా ఉంటాయి.

గుడ్లగూబను అపశకునం అని తరమకండి. డెల్టా వరికి ఎలుక ఎంత నష్టం చేస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. విషం ఎర తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే అదీ చచ్చే ప్రమాదం ఉంది. ఎలుకల్ని పట్టే బుట్టలకు మళ్లీ పని కల్పించండి. ఎలుకలు పట్టేవాడికి కూలి దొరుకుతుంది, గుడ్లగూబ బతుకుతుంది.

గట్టు మీద తాడిచెట్టుంటే కొట్టకండి. గిజిగాడు గూడు కట్టేది అక్కడే. గిజిగాడు గింజలు తింటుంది, నిజమే. పిల్లలకు మాత్రం పురుగులు తెచ్చి పెడుతుంది. పిచ్చుకా అంతే.

పిట్టలొస్తే చేను తినేయవా?

మంచి ప్రశ్న. జవాబు మూడు ముక్కల్లో.

ఒకటి: పిట్టల మూలను పండే వరికి ఆనించి పెట్టకండి. మధ్యలో బోదె గానీ, బాట గానీ ఉండనివ్వండి. రెండు: వరి పాలుపోసుకునే వేళకు మీ సజ్జ, కొర్ర కంకులు తయారుగా ఉండేలా విత్తే తేదీ వెనక్కి లెక్కించుకోండి. రెండింటికీ సుమారు మూడు నెలలు పడుతుంది. మూడు: కొంత పోతుంది, దానికి సిద్ధపడండి. అదే మీరు నేర్చుకునే పంపకం.

లాభం లెక్క కూడా చూద్దాం. చైనా, వియత్నాం, థాయిలాండ్‌లలో వరి గట్ల మీద తేనె ఉండే పూలమొక్కలు పెంచి పరిశోధకులు కొన్నేళ్లు పరీక్షించారు. ఫలితం 2016లో నేచర్ ప్లాంట్స్ పత్రికలో వచ్చింది. పురుగుమందు వాడకం 70 శాతం తగ్గింది, దిగుబడి 5 శాతం పెరిగింది. పూలకు మిత్రపురుగులు వచ్చాయి, అవి దోమను తిన్నాయి. మన పిట్టల మూలలోని నువ్వు, బంతి కూడా అలాంటి పని చేయగలవు. నాటేటప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయడం మరవకండి. సుడిదోమకు గాలి, వెలుతురు గిట్టవు.

స్టెప్ 5: పది నిమిషాలు చూడండి

ఇది అతి ముఖ్యమైన అలవాటు. రోజూ పొద్దున పది నిమిషాలు ఆ మూల దగ్గర నిలబడండి. ఫోన్ జేబులో ఉండాలి. చిన్న నోట్‌బుక్‌లో మూడే మూడు రాయండి:

- ఇవాళ ఏ పిట్ట వచ్చింది?
- దుబ్బు తట్టి చూస్తే ఏ పురుగు కనిపించింది? శత్రువా, సాలీడా, అక్షింతల పురుగా?
- ఇవాళ మందు కొట్టాల్సిన అవసరం నిజంగా ఉందా?

మూడో ప్రశ్న మీ డబ్బు కాపాడుతుంది. పక్కవాడు కొట్టాడని కొట్టే అలవాటు అక్కడ ఆగుతుంది. చూసి నిర్ణయించే మనిషిని భయం కదిలించలేదు. మీకు అనుమానం వస్తే మార్టేరు పరిశోధనా కేంద్రం ఎంతో దూరంలో లేదు. 1925 నుంచి వరి మీద పనిచేస్తున్న సంస్థ అది. స్వర్ణ పుట్టింది అక్కడే. ఏళ్ల తరబడి మొక్కను ఓపిగ్గా గమనించినవాళ్లే అలాంటి విత్తనం ఇవ్వగలిగారు. మీరూ వెళ్లండి, అడగండి. అడగడం చిన్నతనం కాదు.

సాకులకు సెలవు

"నాది కౌలు చేను." అయితే పచ్చిరొట్ట వేయండి, పక్షి స్థావరాలు పాతండి. రెండింటికీ పెద్ద ఖర్చు లేదు, ఫలితం ఈ సీజన్‌లోనే.

"నాకు పొలమే లేదు." పెరట్లో రెండు సజ్జ వరుసలు, ఒక నీళ్ల మూకుడు, చూరుకు ఒక ధాన్యం కుచ్చు. మేడ మీద కుండీలో బంతి. చాలు.

"నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, చేను ఊళ్లో." కౌలుదారుకు ఫోన్ చేయండి. ఆ 5 సెంట్ల కౌలు తగ్గిస్తానని చెప్పండి. జీలుగ విత్తనం ఖర్చు మీరు పెట్టుకోండి. భూమి మీ పేరున ఉంటే బాధ్యత కూడా మీ పేరునే ఉంది.

"ఊళ్లో నవ్వుతారు." మొదటి సీజన్ నవ్వుతారు. రెండో సీజన్ విత్తనం ఎక్కడ దొరికిందని అడుగుతారు. చెప్పండి, దోసెడు ఇచ్చి పంపండి.

ఈ వారమే చేయాల్సినవి

1. చేనంతా ఒకసారి తిరిగి మెరక మూల గుర్తించండి. నాలుగు వైపులా కర్రలు పాతండి.
2. రైతు సేవా కేంద్రంలో పచ్చిరొట్ట విత్తనం రాయితీ గురించి అడిగి పేరు రాయించుకోండి.
3. 5 సెంట్లకు కావలసిన విత్తనం ఇంట్లోనే కలపండి. పిల్లల చేత కలిపించండి. ఏ గింజ ఏదో వాళ్లకు చెప్పండి.
4. గడ్డి తగలబెట్టనని ఇంట్లో అందరి ముందు మాట ఇవ్వండి.

నాలుగూ కలిపి ఒక పూట పని. శక్తి లేక ఆగేవాళ్లు తక్కువ, మొదలుపెట్టక ఆగేవాళ్లే ఎక్కువ. మీరు ఆ గుంపులో ఉండరని నాకు నమ్మకం. సాయంత్రం నాలుగు కర్రలు భుజాన వేసుకుని చేలోకి నడవండి. మొదటి కర్ర మీ చేత్తోనే పాతండి.