చేపలలో ఖండరహిత బద్దెపురుగులు: నిర్మాణం, వర్గీకరణ

బద్దెపురుగు దేహం సాధారణంగా ఖండాల వరుస. అయితే చేపలలోని కొన్ని ఆదిమ బద్దెపురుగులకు ఖండాలుండవు. దేహమంతటికీ జననాంగాల సముదాయం ఒక్కటే. తక్కిన బద్దెపురుగుల వలెనే వీటికీ జీర్ణనాళం లేదు. ఆహారాన్ని దేహకుడ్యం ద్వారా శోషిస్తాయి.

ఈ బాహ్య సామ్యం వర్గీకరణలో పొరపాటుకు దారితీస్తుంది. యాంఫిలినిడ్లు, గైరోకోటిలిడ్లు సంప్రదాయ వర్గీకరణలో సెస్టొడేరియాకు చెందుతాయి. వీటి డింభకానికి పది కొక్కేలు. కారియోఫిల్లిడ్లు యూసెస్టోడాకు చెందుతాయి. వీటి డింభకానికి ఆరు కొక్కేలే. కనుక ఖండాలు లేకపోవడం కంటే కొక్కేల సంఖ్యే నిర్ణాయక లక్షణం.

నివాసస్థానమూ గుర్తింపునకు తోడ్పడుతుంది. యాంఫిలినిడ్లు అతిథేయి దేహకుహరంలోను, గైరోకోటిలిడ్లు సముద్రపు కైమీరా చేపల ఆంత్రంలోను, కారియోఫిల్లిడ్లు మంచినీటి చేపల ఆంత్రంలోను జీవిస్తాయి. మార్పు చేపలో నివసించే లైటోసెస్టస్ ఇండికస్‌ను మోఘే 1925లో వర్ణించారు. లైటోసెస్టిడే కుటుంబంలో పీతకగ్రంథులు ఆయత కండరాల వెలుపల, కారియోఫిల్లేయిడే కుటుంబంలో వాటి లోపల ఉంటాయి. ఈ భేదం అడ్డుకోతలో స్పష్టమవుతుంది.

సరైన గుర్తింపుపైనే నివారణ ఆధారపడుతుంది. యాంఫిలినిడ్ల మాధ్యమిక అతిథేయులు క్రస్టేషియన్లు. కారియోఫిల్లిడ్లకు బురదలోని ట్యూబిఫిసిడ్ పురుగులు. మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాల చెరువులలోని మార్పు చేపలను పరీక్షించేవారు పురుగు లభించిన అవయవాన్ని తప్పక నమోదు చేయాలి. ఆంత్రంలో కారియోఫిల్లిడ్లు కనిపిస్తే, పెంపక చెరువును ఎండగట్టి అడుగు బురదను తొలగించడం వాటి జీవితచక్రాన్ని తెంచే మార్గం.